పాతదైనా మందు మందే

ఇటలీలో బ్రెషా పట్టణానికి ఉత్తరంగా వాల్ ట్రోంపియా అనే లోయ ఉంది. ఆ లోయలోని గార్డోనే ఊరు అయిదు వందల ఏళ్లుగా తుపాకుల తయారీకి పేరు పడింది. అక్కడ 1959లో ఆల్డో ఉబెర్టి అనే పనివాడు ఒక విచిత్రమైన వ్యాపారం మొదలుపెట్టాడు. కొత్త తుపాకీ కనిపెట్టడం కాదు, నూరేళ్ల కిందటి అమెరికన్ రివాల్వర్‌ను కొలత తప్పకుండా మళ్లీ చేయడం ఆయన పని. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండబోతున్న రోజులవి. ఆ యుద్ధంలో అధికారులు నడుముకు కట్టుకున్న కోల్ట్ రివాల్వర్ అసలుది కొనాలంటే మామూలు మనిషి తరం కాదు, అచ్చు అలాంటిదే కొత్తది అయితే అందుబాటులో ఉంటుంది. ఆ లెక్క ఫలించింది. ఉబెర్టి, పియెట్టా వంటి కంపెనీల నకలు రివాల్వర్లు ఈనాడు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్లలో చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లున్నారు, గురి పోటీలకు వెళ్లేవాళ్లున్నారు, గోడకు తగిలించి చూసుకుని మురిసేవాళ్లూ ఉన్నారు. వీటిలో అంతర్యుద్ధ కాలపు నమూనాలకు నేటి తూటా పట్టదు. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు తుపాకిమందును, అంటే నల్లపొడిని, ఒక్కో అరలో విడిగా పోసి, సీసపు గుండు దట్టించి, వెనక చిన్న రాగి క్యాప్ తగిలిస్తేనే అవి పేలుతాయి.

ఈ రివాల్వర్ల చుట్టూ ఒక నమ్మకం పెరిగింది: ఇవి పాతకాలపు వస్తువులు, ఆటబొమ్మకు ఎక్కువ, ఆయుధానికి తక్కువ, కాబట్టి లైసెన్సూ జాగ్రత్తా అక్కర్లేదు అని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు కొల్లలు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఈ నకలు రివాల్వర్ పోస్టులో ఇంటికి వస్తుంది. వీడియోల్లో వాటిని చూసిన కుర్రవాళ్లు ఇక్కడికి తెప్పించుకోవచ్చా అని ఆలోచించడంలో వింత లేదు. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి చట్టం దాకా పోనక్కర్లేదు, రసాయన శాస్త్రం చాలు. ఆయుధం ఆయుధమా కాదా అనేది దాని వయసును బట్టి కాక, అది విడుదల చేయగల శక్తిని బట్టి తేలాలి. ఆ కొలతకు నిలబెడితే నల్లపొడి రివాల్వర్ పూర్తి తుపాకీయే. మన చట్టం కూడా, బహుశా ఎక్కువమంది గమనించని విధంగా, సరిగ్గా ఆ కొలతనే పట్టుకుంది.

ఈ విషయం అర్థం చేసుకోవడానికి నల్లగొండ ప్రాంతం కంటే మంచి చోటు దొరకదు. నోటినుంచి మందు నింపే తుపాకీ ఇక్కడ సినిమా వస్తువు కాదు, నిన్నమొన్నటి చరిత్ర. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత, ఆనాటి నల్లగొండ జిల్లా అంతా రగిలింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ అయ్యాయి. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు సాయుధ పోరుకు పిలుపునిచ్చారు. అప్పటికి జనం చేతుల్లో ఉన్నవి ఒడిసెలలు, కర్రలు, కారం పొడి. తుపాకులంటే ముందుగా దొరికినవి బర్మార్లు. గొట్టం నోట్లో మందు పోసి, గుడ్డ పీలిక దట్టించి, గుండో ఇనుప ముక్కలో వేసి, కడ్డీతో కూరి కాల్చే నాటు తుపాకులవి. కరివిరాల గడ్డ మీద పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం దళాలు నడిపింది ఈ నేల మీదనే. బర్మార్ నమ్మదగిన ఆయుధం కాదు, అయినా దాన్ని పట్టుకున్న దళం ఊళ్లోకి వస్తుందంటే దొరల గడీలు వణికాయి. ఆ వణుకుకు కారణం గొట్టంలో ఉన్న పిడికెడు పొడి. దాని గుణమేమిటో కాస్త నిదానంగా చూడాలి.

తుపాకిమందులో మూడే పదార్థాలు. ఎక్కువ పాలు సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్. దాన్నే పెట్లుప్పు అనీ అంటారు. తర్వాత బొగ్గు, ఆ తర్వాత గంధకం. మండేది బొగ్గు. మంటకు గాలి కావాలి, కానీ మూసిన గొట్టంలోకి గాలి రాదు. సురేకారం గొప్పతనం అక్కడే ఉంది. వేడి తగలగానే అది విచ్ఛిన్నమై తనలో బంధించుకున్న ఆక్సిజన్‌ను బొగ్గుకు అందిస్తుంది. అంటే ఈ పొడి తన గాలిని తనే మోసుకొస్తుంది. గంధకం తక్కువ వేడికే అంటుకుని నిప్పును రాజేస్తుంది, మంట పొడి అంతా పాకడానికి తోడ్పడుతుంది. దీపావళి చిచ్చుబుడ్డిలోనూ ఇదే కుటుంబపు మందు ఉంటుంది. మట్టి బుడ్డికి పైన నోరు తెరిచి ఉంది కాబట్టి వాయువులు పువ్వులై పైకి పోతాయి. అదే మంటను ఒక పక్క మూసి, రెండో పక్క సీసపు గుండు అడ్డం పెడితే, పువ్వు కావలసింది తోపు అవుతుంది. పదార్థం మారలేదు, దాన్ని బంధించిన తీరు మారింది. తుపాకి శాస్త్రంలో సగం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఎంత తోపు? బ్రిటన్‌లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు 1870లలో గట్టి ఉక్కు పాత్రల్లో తుపాకిమందును మూసి కాల్చి, మిగిలినదంతా తూచారు. వాళ్లకు తేలింది ఆశ్చర్యకరమైన సంగతి. బరువులో సుమారు 43 పాళ్లు మాత్రమే వాయువుగా మారుతుంది, తక్కిన 57 పాళ్లు ఘనపదార్థంగానే, అంటే పొగగా, మసిగా, ఉప్పుగా మిగులుతుంది. ఒక గ్రాము మందు నుంచి వచ్చే వాయువు చల్లార్చి కొలిస్తే సుమారు 280 ఘన సెంటీమీటర్లు. మండేటప్పటి వేడి 2,200 డిగ్రీల దరిదాపు. ఇప్పుడు రివాల్వర్ అరలో ఒకటిన్నర గ్రాము మందు ఉందనుకోండి. ఆ అరలో మందు ఆక్రమించే చోటు రెండు ఘన సెంటీమీటర్లకు లోపే. అందులోంచి పుట్టే వాయువు చల్లగా ఉంటేనే 420 ఘన సెంటీమీటర్లు, ఆ వేడిలో దానికి తొమ్మిదింతలు వ్యాపించాలని చూస్తుంది. గుండు కదిలి చోటిస్తుంది కాబట్టి ఒత్తిడి లెక్కలో తేలినంత పెరగదు, కానీ గుండు ఎందుకు అంత వేగంతో కదులుతుందో ఈ అంకెలే చెబుతాయి. ఇందులో సగానికి పైగా మసి కావడం వల్ల మరో ఫలితమూ ఉంది. బర్మార్ పేలిన చోట తెల్లటి పొగ మబ్బు లేస్తుంది, కాల్చినవాడు ఏ పొద చాటున ఉన్నాడో దూరం నుంచే తెలిసిపోతుంది. ఎదుట ఉన్నవాళ్ల చేతుల్లో పొగ రాని మందు వాడే .303 రైఫిళ్లున్నప్పుడు ఈ తేడా ప్రాణాంతకం. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత దళాలు ఎదుర్కొన్నది అలాంటి రైఫిళ్లనే. ఆ మసి తేమను పీల్చే గుణమున్నది. కాల్చిన తుపాకీని వెంటనే నీళ్లతో కడిగి తుడవకపోతే ఇనుము తుప్పు పడుతుంది. వాన కాలంలో పంట కాల్వ పక్కన దాచిన బర్మార్ గతి ఊహించవచ్చు.

బర్మార్‌కు ఒక గొట్టం, ఒక గుండు. ఒకసారి పేలిస్తే మళ్లీ నింపుకునే దాకా అది ఇనుప కర్రే. రివాల్వర్ ఈ పరిమితిని దాటింది. ఆ దాటుడులో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. సామ్యూల్ కోల్ట్ పదహారేళ్ల వయసులో, 1830లో, కోర్వో అనే ఓడలో కలకత్తాకు ప్రయాణమయ్యాడు. ఆ ప్రయాణంలోనే తిరిగే సిలిండర్ ఉన్న పిస్తోలుకు కొయ్యతో నమూనా చెక్కాడని చెబుతారు. తిరిగే తుపాకీ అంతకు ముందే ఉంది. ఎలైషా కోలియర్ 1818లో పేటెంట్ పొందిన చెకుముకి రివాల్వర్లు కొన్ని భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల చేతుల్లోనూ ఉండేవి. అయితే చెకుముకి రాయితో నిప్పు రాజేసే పద్ధతి గాలికీ వానకూ ఆగదు. స్కాట్లండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో దెబ్బ కొడితే పేలే రసాయనంతో మందును రాజేయవచ్చని చూపాడు. ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో పెట్టే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. ఆ క్యాప్ దొరికాకే రివాల్వర్‌కు ప్రాణం వచ్చింది. కోల్ట్ అమెరికన్ పేటెంట్ తేదీ 1836 ఫిబ్రవరి 25. 1851 నాటి నేవీ నమూనా, 1860 నాటి ఆర్మీ నమూనా లక్షల్లో తయారయ్యాయి. 1857 తిరుగుబాటు నాటికి కోల్ట్, ఆడమ్స్ రివాల్వర్లు మన దేశంలోని ఆంగ్లేయ అధికారుల నడుములకు చేరాయి. ఎదుట నిలిచినవాడు తన తుపాకీ ఒకసారి పేల్చేలోగా అధికారి అయిదారు సార్లు పేల్చగలిగిన పోరు అది.

ఇప్పుడు ఆ పాత రివాల్వర్ శక్తిని నేటిదానితో పోల్చి చూడాలి. గుండు బరువు, వేగం తెలిస్తే శక్తి లెక్కకట్టడం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే. 1851 నేవీ నమూనా సీసపు గుండు సుమారు 5.2 గ్రాములు, సెకనుకు 300 మీటర్ల దరిదాపు వేగంతో వెళుతుంది. శక్తి 230 జౌళ్లకు పైమాటే. 1860 ఆర్మీ నమూనా గుండు 9 గ్రాములు, వేగం 270 మీటర్లు అనుకున్నా శక్తి 330 జౌళ్ల దరిదాపు. మన దేశంలో లైసెన్సు ఉన్న పౌరులకు కాన్పూర్‌లో తయారుచేసి అమ్మే .32 రివాల్వర్ ఉంది. ఆ తూటా గుండు 6.3 గ్రాములు, వేగం సెకనుకు 215 మీటర్లు, శక్తి సుమారు 150 జౌళ్లు. అంటే జిల్లా అధికారుల విచారణ, పోలీసు నివేదిక, శిక్షణ అన్నీ దాటి దొరికే నేటి రివాల్వర్ కంటే, ఆటవస్తువని కొందరు అనుకునే నూట అరవై ఏళ్లు దాటిన ఆర్మీ నమూనా రెట్టింపు శక్తితో గుండును విసురుతుంది. సైన్యాలు వాడే 9 ఎం.ఎం. పిస్తోలు 500 జౌళ్ల దాకా ఇస్తుంది, దాని ముందు ఇది చిన్నదే. కానీ మనిషి దేహానికి ఈ తేడా లెక్కలోది కాదు. మెత్తటి సీసపు పెద్ద గుండు ఎముకను ఎలా నుజ్జు చేస్తుందో అమెరికా అంతర్యుద్ధపు శస్త్రవైద్యుల నివేదికలు నింపిన పుటలే సాక్ష్యం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. బలం ఉంటే ఉండవచ్చు, నింపడానికి నిమిషాలు పడుతుంది కదా, అలాంటి దానితో నేరం చేసేవాడెవడు అంటారు. నింపడం నిజంగానే నెమ్మది. ఒక్కో అరలో మందు పోయాలి, గుండు పెట్టాలి, కింది మీటతో బిగించి నొక్కాలి, అలా ఆరు సార్లు చేశాక వెనక ఆరు క్యాప్‌లు తగిలించాలి. గుండు అరకు బిగువుగా లేకపోయినా, క్యాప్ వదులైనా, ఒక అర నిప్పు పక్క అరలోకి పాకి రెండు మూడు ఒకేసారి పేలుతాయి. అప్పుడు చేతికే ప్రమాదం. ఇదంతా ఒప్పుకోవలసిందే. అయితే ఈ నెమ్మది అంతా నింపే దశలోనే ఉంది. నింపి సిద్ధంగా ఉంచుకున్న రివాల్వర్ ఆ తర్వాత నిమిషంలో చేసే పని కొత్తదానికంటే పెద్దగా తక్కువ కాదు. ఆయుధం వల్ల జరిగే చేటులో ఎక్కువ భాగం మొదటి గుండుతోనే జరుగుతుంది, రెండోసారి నింపుకోవడం దాకా వెళ్లేది అరుదు. ఇంట్లో జరిగే గొడవకు, ఆత్మహత్య ప్రయత్నానికి, పిల్లల చేతిలో పడే ప్రమాదానికి ఒక్క అర చాలు. కాబట్టి నింపే వేగాన్ని ప్రమాదానికి కొలతగా పెట్టుకోవడం తప్పు.

నకలు అన్న మాట కూడా మనల్ని కొంత మభ్యపెడుతుంది. కోల్ట్ కాలపు లోహశాస్త్రం ఈనాటిది కాదు. 1847లో అమెరికా సైన్యానికి చేసిన వాకర్ నమూనా ఒక్కో అరలో దాదాపు 3.9 గ్రాముల మందు పట్టేది. ఆ ఒత్తిడికి కొన్ని సిలిండర్లు పగిలిపోయాయి. తర్వాతి నమూనాల్లో మందు పరిమాణం తగ్గించాల్సి వచ్చింది, ఉక్కు మెరుగుపరచాల్సి వచ్చింది. నేటి ఇటాలియన్ నకలు ఈనాటి ఉక్కుతో, ఈనాటి యంత్రాల మీద తయారవుతుంది. అంటే అది అసలు వస్తువు కంటే బలమైనది, ఎక్కువ నమ్మదగినది, నిన్న పుట్టింది. పాతది దాని రూపు మాత్రమే. ఆ దేశ చట్టం ప్రకారం ప్రతి ఒక్కటీ గార్డోనేలోని ప్రభుత్వ పరీక్షాశాలకు వెళ్లి, మామూలుకంటే ఎక్కువ మందుతో పేల్చి తట్టుకున్నాకే ముద్ర వేయించుకుంటుంది. బొమ్మకు ఆ పరీక్ష అవసరం లేదు. గొట్టం మీద నల్లపొడి మాత్రమే వాడాలని చెక్కి ఉంటుంది, ఆ హెచ్చరిక అలంకారం కాదు. ఫ్రాన్స్‌లో పాల్ వియే 1884లో చేసిన పొగరాని మందు ఒక గ్రాముకు నల్లపొడి కంటే దాదాపు మూడింతల వాయువునిస్తుంది, పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత వేగంగా మండుతుంది. దాన్ని ఈ రివాల్వర్‌లో పోస్తే సిలిండర్ ముక్కలై కాల్చినవాడి ముఖం మీదికే వస్తుంది. 

కాలమే ఆయుధాన్ని చప్పబరుస్తుందన్న నమ్మకానికి ఎదురుగా మరో బలమైన సాక్ష్యం ఉంది. నల్లపొడి చాలా స్థిరమైన మిశ్రమం. పొగరాని మందులోని నైట్రోసెల్యులోజ్ ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తనే క్షీణిస్తుంది. సురేకారం, బొగ్గు, గంధకం అలా కాదు. తడి తగలకుండా ఉంటే అవి తరాలు గడిచినా అలాగే ఉంటాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో దశాబ్దాలుగా జనం మధ్య ప్రదర్శనకు ఉంచిన పద్దెనిమిదో శతాబ్దపు ఫిరంగిని 2013 జనవరిలో శుభ్రం చేయబోతే, లోపల గుండూ, సుమారు 800 గ్రాముల మందూ బయటపడ్డాయి. మందు ఇంకా పేలే స్థితిలోనే ఉందని పోలీసులు చెప్పారు. వర్జీనియాలో 2008 ఫిబ్రవరిలో జరిగింది అంత అదృష్టంగా ముగియలేదు. అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండ్లు సేకరించి శుభ్రపరచడంలో ఎన్నో ఏళ్ల అనుభవమున్న ఒకాయన, నూట నలభై ఏళ్లు దాటిన గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. తెలియనివాడు చేసిన పొరపాటు కాదది. తెలిసినవాడిని కూడా వదలని రసాయనం అది.

మరి కొన్ని దేశాలు వీటికి లైసెన్సు ఎందుకు అక్కర్లేదంటున్నాయి? ఇది రెండో గట్టి అభ్యంతరం. అమెరికా 1968 తుపాకుల నియంత్రణ చట్టం 1898 దాకా చేసిన తుపాకులనూ, సిద్ధ తూటా వాడని వాటి నకళ్లనూ పురాతన వస్తువుల కింద వదిలేసింది. పోలండ్‌లో 1885కు ముందటి నమూనాల నకళ్లకు అనుమతి అక్కర్లేదు. కానీ ఈ మినహాయింపుల వెనక ఉన్నది శక్తి లెక్క కాదు, ఆ సమాజాల చరిత్ర, సేకర్తల బలం. అమెరికాలోనే అన్ని రాష్ట్రాలూ ఒకే దారిలో లేవు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ నల్లపొడి చేతి తుపాకీని కూడా తుపాకీగానే చూసి అనుమతి అడుగుతుంది. బ్రిటన్ 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించినప్పుడు నోటినుంచి నింపే వాటిని నిషేధం నుంచి తప్పించింది గానీ లైసెన్సు నుంచి తప్పించలేదు. అన్నిటికంటే చెప్పుకోదగింది ఇటలీ సంగతి. వీటిని ప్రపంచానికి అమ్మే దేశం అది. అక్కడ 1999లో వచ్చిన చట్టం ఒక్క గుండు పేల్చే పాత నమూనా నకళ్లకు సడలింపు ఇచ్చి, పలుమార్లు పేలే నల్లపొడి రివాల్వర్లను మాత్రం మామూలు తుపాకుల జాబితాలోనే ఉంచింది. చేసేవాడికి తన సరుకు స్వభావం అందరికంటే బాగా తెలుసు. ఆ తీర్పును పక్కనపెట్టి, కొనేవాడి ముచ్చటను ప్రమాణంగా తీసుకోవడం ఎలా?

మన 1959 ఆయుధాల చట్టం ఇంకా సూటిగా ఉంది. పేలుడు పదార్థపు శక్తితో గానీ మరో రకమైన శక్తితో గానీ గుండును విసరడానికి తయారైన ఏ ఆయుధమైనా తుపాకీయే అంటుంది. తూటా ఉందా, క్యాప్ ఉందా, ఏ సంవత్సరం నమూనా అన్న ప్రశ్నలే వేయదు. నోటినుంచి నింపే తుపాకీని అది మరచిపోలేదు కూడా. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైన రైతుకు అలాంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు 13వ సెక్షన్‌లో ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద మాడుగులపల్లి నుంచి కోదాడ దాకా పైర్ల మీద పడే అడవి పందుల బాధ తెలిసినవాళ్లకు ఆ నిబంధన ఎందుకు పెట్టారో వివరించనక్కర్లేదు. పాత ఆయుధాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, కానీ మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని వాటికి. అంటే చట్టం అడిగే ప్రశ్న పేలుతుందా అని. ఇంతకు ముందు మనం అడిగిన భౌతికశాస్త్ర ప్రశ్న అదే. పేలే నకలు రివాల్వర్ ఈ మినహాయింపులోకి ఏ దారిన చూసినా రాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవారికీ రెండు తుపాకులే పరిమితి. లైసెన్సు లేకుండా విదేశం నుంచి తుపాకీ తేవడానికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. విమానం పెట్టెలో పాతకాలపు ముచ్చట వస్తువని పెట్టుకుని వచ్చేవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు. మందును కొనడం, నిలవ చేయడం పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి, అది వేరే.

ఇంత కఠినంగా ఉంటే చరిత్రను తాకి తెలుసుకునే అవకాశం పోతుందని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ నిజమైనది. నల్లపొడి తుపాకీని విప్పి చూసినవాడికి పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలు పుస్తకంలో కంటే బాగా అర్థమవుతాయి. ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాం కోసం 1786లో ఫిరంగులు పోయించిన చోటే హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతారు, ఆ మూసల్లో ఏం పోశారో చూసినవాళ్లు కొద్దిమంది. అయితే తెలుసుకోవడానికి పేల్చవలసిన అవసరం లేదు. కాల్చడానికి వీలులేని జింకు మిశ్రమంతో అవే కొలతల్లో నమూనాలు స్పెయిన్‌లోని డెనిక్స్ వంటి కంపెనీలు చేస్తున్నాయి. సిలిండర్ తిరగడం, హ్యామర్ పడటం, మీట పనిచేయడం అన్నీ వాటిలో చూడవచ్చు. తెప్పించుకునే ముందు కస్టమ్స్ నిబంధనలు కనుక్కోవాలి, వీధిలో చూపించి ఎవరినీ భయపెట్టకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధశాలలో అసలైనవే ఉన్నాయి. గురి పోటీల మీద నిజమైన ఆసక్తి ఉంటే రైఫిల్ క్లబ్బులో చేరి నియమాల ప్రకారం నేర్చుకునే దారి తెరిచే ఉంది.

నా దృష్టిలో అసలు సేకరణ ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇటలీలో నిన్న చేసిన అమెరికన్ నకలు కోసం ఆరాటపడే మన చుట్టూ, ఇక్కడి కమ్మరి కొలిమిలో సాగదీసిన గొట్టాలు, చేతితో చెక్కిన కొయ్య భాగాలు ఉన్న బర్మార్లు ఉన్నాయి. ఏ కమ్మరి చేశాడు, గొట్టానికి ఇనుము ఎక్కడిది, మందుకు సురేకారం ఎలా సంపాదించారు, ఏ గడీ నుంచి ఏ దళం చేతికి వచ్చింది అన్న వివరాలు చెప్పగల వృద్ధులు ఇక ఎంతోమంది లేరు. మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో వెళ్లిపోయారు. ఆ తరంతో పాటే బర్మార్ తయారీ సమాచారం కూడా పోతోంది. పోరాటంలో ఎవరు కాల్చారు అన్నది పాటల్లో, పుస్తకాల్లో మిగిలింది. ఆ తుపాకీ లోహశాస్త్రమేమిటి, ఎంత దూరం పోయేది, ఎన్నిసార్లు మొరాయించేది అన్నది నమోదైనట్టు కనిపించదు. పేలకుండా చేసిన ఒక బర్మార్‌ను కొలిచి, ఇనుమును పరీక్షించి, పక్కన ఆ ఊరి మనిషి మాటను పెట్టి సూర్యాపేటలోనో నల్లగొండలోనో ప్రదర్శిస్తే, అది వంద నకలు కోల్ట్‌ల కంటే విలువైన సేకరణ అవుతుంది. కళాశాలల చరిత్ర, భౌతికశాస్త్ర విభాగాలు కలిసి చేయగల పని ఇది. పురావస్తు శాఖ తలచుకుంటే రెండు మూడేళ్లలో పూర్తవుతుంది.

ఇంట్లో తాతల నాటి బర్మార్ అటక మీదనో గడ్డివాము చాటునో ఉందని తెలిస్తే చేయవలసింది ఒకటే. దాన్ని విప్పకండి, గొట్టంలోకి కడ్డీ దింపి చూడకండి, తుప్పు వదిలించాలని వేడి చేయకండి. అది నిండి ఉందో లేదో బయటి నుంచి తెలియదు, లోపల ఉన్నది ఎనభై ఏళ్ల నాటిదైనా పొడిగా ఉంటే పేలుతుంది. లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు చనిపోయినా ఆయుధాన్ని ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ముందు ఫోన్ చేసి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. అప్పగించే ముందు దూరం నుంచి ఒక ఫోటో తీసి, దాని కథ తెలిసిన పెద్దవాళ్ల చేత చెప్పించి రాసిపెట్టండి. దాన్ని పేలకుండా చేయించి మ్యూజియానికి ఇవ్వాలని మీరు కోరుకుంటున్నట్టు అప్పగించేటప్పుడే రాతపూర్వకంగా అడగండి.